ఎదురు పిచ్చిక వచ్చే నెలల్లో వంకలు కొట్టించకండి

కడప జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మాది సిద్ధవటం మండలంలో లంకమల కొండల కింది పల్లె. బడిలో సైన్సు చెబుతాను. ఇరవై గ్రాములకు కాస్త పైన తూగే ఒక పక్షి కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ ముందు తాగునీళ్ళ ఫైళ్ళు, భూముల తగాదాలు ఎన్ని ఉంటాయో నాకు తెలుసు. అయినా ఇది మీరు ఒక్క ఉత్తర్వుతో చక్కబెట్టగల సంగతి కాబట్టి రాస్తున్నాను.

మా ఊరికి పడమరగా ఒక వంక, అంటే చిన్న వాగు, ఉంది. రికార్డుల్లో అది వంక పోరంబోకు. గట్ల పొడవునా వెదురు పొదలు, వాటి కింద రేగు కంప, మోకాలెత్తు గడ్డి. 2017 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారం, పొద్దున్నే అటు నడుస్తుంటే ఒక సన్నటి ఈల వినిపించింది. కింది నుంచి పైకి లేచి ఆగిపోయే ఈల. ఆగి చూశాను. పిచ్చుకంత పక్షి గడ్డి కంకి మీద వాలింది. దాని బరువుకే కంకి వంగింది. తల, గొంతు, రొమ్ము దానిమ్మ గింజ రంగు. ముక్కు పొట్టిగా, లావుగా ఉంది. గింజను ముక్కు అంచున పట్టి నాలుకతో తిప్పుతూ పొట్టు ఒలిచింది. పొట్టు రెండు చెక్కలై కిందికి రాలింది. పక్కనే మరో మూడు, మట్టి రంగువి, రొమ్ము మీద చారలున్నవి, చప్పుడు లేకుండా అదే పని చేస్తున్నాయి.

ఇంటికొచ్చి చెబితే మా జేజి (అవ్వ), "అది ఎదురు పిచ్చిక నాయనా. ఎదురు బియ్యం రాలిన ఏడు గుంపులు గుంపులు దిగేటివి" అన్నది. ఎదురంటే వెదురే, ఎదురు బియ్యమంటే వెదురు గింజలు.

పుస్తకాల్లో దాని పేరు కామన్ రోజ్‌ఫించ్. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ 1860లలో అచ్చయిన తన పక్షుల గ్రంథంలో దీని తెలుగు పేరు కూడా రాసుకున్నాడు: ఎద్రు పిచికె. దక్షిణాదిలో ఎక్కువగా వెదురు అడవుల్లోనే కనిపిస్తుందని, వెదురు గింజలు తింటుందని, అందుకే తెలుగువాళ్ళు ఆ పేరు పెట్టారని వివరించాడు. 1848లో మన ప్రాంతపు అరుదైన పక్షి కలివికోడిని లోకానికి తెలిపింది కూడా ఆయనే. నూట అరవై ఏళ్ళ కిందట ఆయన చెవిన పడిన మాటే మా జేజి నోట విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఈ పక్షి ఇక్కడ గూడు కట్టదు. వేసవిలో దాని ఇల్లు హిమాలయాల ఎత్తుల్లో, మధ్య ఆసియాలో, ఇంకా పైన సైబీరియాలో, అటు ఫిన్లాండు దాకా. అక్కడ పొట్టి పొదల్లో నాలుగైదు నీలం గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలు రాగానే బయలుదేరుతుంది. యూరప్ వలస పక్షులు ఎన్నో చలికాలానికి ఆఫ్రికా దారి పడతాయి. ఇది మాత్రం తూర్పుకు తిరిగి మన దేశానికి వస్తుంది. ఏప్రిల్, మే నాటికి వెళ్ళిపోతుంది.

పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఎక్కువసేపు ఆగేది దాని ఎరుపు దగ్గర. ఈ పక్షి పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కునేది చలికాలపు మజిలీకి చేరాకే. ఆ ఎరుపు తిండి నుంచే రావాలి. పంజరంలో పెట్టిన వాటికి కొత్త ఈకలొచ్చేసరికి రంగు వెలిసిపోయేది ఇందుకే. మగదానికి కూడా మొదటి ఏడు ఈ రంగు ఉండదు, తల్లిలాగే మట్టి రంగులో ఉంటుంది. కాబట్టి ఆడవనుకున్న ఆ మూడింట్లో కుర్ర మగవి కూడా ఉండి ఉండవచ్చు. సైబీరియా కొమ్మ మీద కూర్చుని పాడే పక్షి ఒంటి రంగు మన దేశపు గింజల్లోంచి, పండ్లలోంచి వచ్చిందని చెబితే మా ఎనిమిదో తరగతి పిల్లలు కాసేపు నోరు మెదపలేదు.

ప్రపంచం మొత్తం మీద ఇది అంతరించిపోతున్న పక్షి కాదు. ఆ మాట దాచి మీ సాయం అడగను. కానీ మా వంకకు అది అరుదైన చుట్టం. ఏడు చలికాలాల్లో నేను చూసింది నాలుగుసార్లే, ఎప్పుడూ ఆరు పక్షులకు మించలేదు.

పోయిన డిసెంబరులో జంగిల్ క్లియరెన్స్ పేరుతో జేసీబీ వచ్చి రెండు రోజుల్లో గట్లు నున్నగా చేసింది. వేళ్ళతో సహా పెకలించిన వెదురు దుబ్బులు వంకలోనే పడేసి పోయారు. మూడో రోజు ఉదయం రెండు మట్టి రంగు పక్షులు కరెంటు తీగ మీద కూర్చుని కనిపించాయి. మర్నాడు అవీ లేవు.

వంకలు బాగుచేయడం వద్దని నేననను. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళ మీద పడిన రోజును ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. నీటికి దారి ఉండాల్సిందే. కానీ వానలు వెళ్ళిపోయాక డిసెంబరులో వంక కొట్టడం ఎవరికి మేలు? అదే పని మే, జూన్ నెలల్లో చేస్తే వరదకు ముందే దారి దొరుకుతుంది, అప్పటికి పక్షులూ వెళ్ళిపోయి ఉంటాయి. కొట్టేది కూడా నీటి దారిలో ఉన్న కంప వరకే. గట్టును పట్టుకుని ఉండేది ఆ వెదురు వేళ్ళే.

ఇంకో ముఖ్యమైన మాట. 2017లో అటవీ చట్టాన్ని సవరించి అడవి బయట పెరిగే వెదురును చెట్ల లెక్కలోంచి తీసేశారు. తన పొలంలోని వెదురు నరికి అమ్ముకునే రైతుకు అది మంచిదే. పోరంబోకు వెదురు మాత్రం అడవి కిందికీ రాక, రైతు సొత్తూ కాక, అడిగే దిక్కు లేకుండా మిగిలింది. అది మీ చేతి కింది నేల. అందుకే మంత్రి గారికి కాక మీకు రాస్తున్నాను. లంకమల చుట్టూ ఉన్న వంక పోరంబోకుల్లో వెదురు ఎక్కడుందో వీఆర్వోలతో రాయించండి. నవంబరు నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా ఆ గట్ల మీద యంత్రం దిగకుండా ఉత్తర్వు ఇవ్వండి. వెదురు పూత పట్టిన ఏడు, ఎండిపోయింది కదా అని ఎవరూ నరకకుండా, గింజ పూర్తిగా రాలే దాకా ఆపించండి. పూసిన వెదురు ఎలాగూ చచ్చిపోతుంది. మళ్ళీ మొలిచేది ఆ గింజే.

కలివికోడి కోసం ఇదే జిల్లాలో తెలుగుగంగ కాలువ దారినే మార్చారు. నేను అడుగుతున్నది దానిముందు చాలా చిన్నది.

మా వంకలో పైఎగువన ఇంకా పదకొండు వెదురు పొదలు మిగిలాయి. ఈ ఏడు పనుల జాబితా ఊళ్ళో తయారవుతోంది, పైగట్టు కూడా అందులో ఉందని విన్నాను. అది మీ సంతకానికి వచ్చేలోపు ఈ ఉత్తరం మీ కంట పడాలని కోరుకుంటున్నాను.

ఇట్లు,
లంకమల కింది పల్లె బడిపంతులు