మాచిపత్రి కషాయం మలేరియాకు మందు కాదు

సంపాదకులకు,

వినాయక చవితికి ముందు ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో మాచిపత్రి మీద వచ్చిన వ్యాసం చదివి పది రోజులు దాటింది. ఎవరైనా తప్పు ఎత్తిచూపుతారని, లేదా మీరే సవరణ వేస్తారని రోజూ పేపరు తిరగేస్తున్నాను. ఇంతవరకు ఒక్క ముక్క రాలేదు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

ఆ వ్యాసంలో మొదటి సగం నిజమే. చైనా సంప్రదాయ వైద్యంలో జ్వరాలకు వాడే ‘చింగ్‌హావ్’ మొక్క నుంచి మలేరియా మందు తీసినందుకు తు యుయు అనే శాస్త్రవేత్తకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. మీ రచయిత అక్కడి నుంచి ఒక్క గెంతులో మన మాచిపత్రి మీదకు వచ్చారు. గుప్పెడు ఆకును, నీళ్ళు సగమయ్యే దాకా మరిగించి, మూడు పూటలా తాగితే మలేరియా తగ్గుతుందని రాసేశారు. ఆకూ తప్పే, మరిగించడమూ తప్పే.

ముప్పై నాలుగేళ్ళు వృక్షశాస్త్రం పాఠం చెప్పినవాడిని. చవితి పూజలో ఇరవై ఒక్క పత్రుల్లో మొదట పేరు వచ్చేది మాచీపత్రానిదే. ఏటా నా చేతులతో కొనుక్కొచ్చి, ఆకు నలిపి వాసన చూసి మరీ పీట మీద పెడతాను. అది ఆర్టిమీసియా ప్రజాతిలోదే. పూలదండల్లో కట్టే దవనమూ అందులోదే. ఆర్టిమిసినిన్ అనే ఆ మలేరియా మందు పదార్థం చాలినంత దొరికేది మాత్రం వాటి చుట్టమైన ఆర్టిమీసియా ఆన్యువాలో. అందులోనూ ఆకుల్లో, పూత రాకముందు కోసినప్పుడు. చైనాలోనే చింగ్‌హావ్ అన్న ఒక్క పేరుతో ఈ ప్రజాతి మొక్కలు అనేకం చెలామణిలో ఉంటే, వాటిలో పనికొచ్చేది ఏదో తేల్చుకోవడానికి వాళ్ళు నానా తంటాలు పడ్డారు. వంకాయ, ఉమ్మెత్త ఒకే కుటుంబానివని ఉమ్మెత్తకాయతో ఎవరైనా కూర వండుతారా?

ఇక మరిగించడం. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. వియత్నాం యుద్ధం రోజుల్లో, పాత మందులు మలేరియా మీద పనిచేయడం మానేశాక, చైనా ప్రభుత్వం 1967 మే 23న మందు కోసం ఒక రహస్య పథకం మొదలుపెట్టింది. ఆ తేదీ మీదే దానికి 523 అని పేరు. 1969లో అందులో చేరిన తు యుయు బృందం పాత గ్రంథాల నుంచి, వైద్యుల నుంచి రెండు వేల దాకా చిట్కాలు పోగుచేసింది. చింగ్‌హావ్‌ను పరీక్షిస్తే ఒకసారి పనిచేసింది, మరోసారి పనిచేయలేదు. అప్పుడామె నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసిన పుస్తకం మళ్ళీ తెరిచారు. గుప్పెడు ఆకు, రెండు కొలతల నీళ్ళు, నానబెట్టి, పిండి, ఆ రసమంతా తాగాలి అని ఉంది అందులో. కాచమని లేదు. వేడి తగిలితే గుణం పోతోందేమోనన్న ఆలోచన ఆ వాక్యం దగ్గరే పుట్టింది. సుమారు 35 డిగ్రీలకే మరిగే ఈథర్ అనే ద్రావణితో సారం తీస్తే 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో మలేరియాను పూర్తిగా అణచింది. రోగులకు ఇచ్చే ముందు ఆమె, సహచరులు తామే తీసుకుని చూసుకున్నారు. మరిగించకపోవడంలోనే మలుపు తిరిగిన కథను చెప్పి, కింద పాఠకులను మరిగించుకోమని ఎలా రాస్తారు?

దాని ఫలితం మా వీధిలోనే చూశాను. కిరాణా కొట్టు అబ్బాయికి చలిజ్వరం వస్తే వాళ్ళమ్మ పూజ పత్రిలో మిగిలిన మాచిపత్రిని కషాయం కాచి మూడు రోజులు తాగించింది. నేను వెళ్ళేసరికి రెండు రగ్గుల కింద మంచం కదిలేలా వణుకుతున్నాడు. పక్కన స్టీలు గ్లాసు అడుగున నల్లటి మడ్డి. ఫ్రిజ్ తలుపు మీద మీ వ్యాసం కత్తిరించి అంటించి ఉంది. నాలుగో రోజు రక్తపరీక్షలో ఫాల్సిపారం రకం మలేరియా అని తేలింది. మెదడుకు ఎక్కేది ఈ రకమే. ఆర్టిమిసినిన్ జాతి మందును మరో మందుతో కలిపి ఇచ్చే మాత్రలు మూడు రోజులు వాడితే లేచి కూర్చున్నాడు. ఇంకొక్క రోజు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. ఆ తల్లిని నేను తప్పు పట్టను. అచ్చులో చూసింది కాబట్టి నమ్మింది.

అసలైన మొక్కయినా సరే, ఆకుగానో కషాయంగానో మలేరియాకు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో స్పష్టంగా చెప్పింది. ఏ కొమ్మలో ఎంత మందు ఉంటుందో కొలత లేదు. చాలీచాలని మోతాదు పడితే క్రిమి చావదు, పైగా మందుకు అలవాటు పడుతుంది. కాంబోడియా వైపు అలా మొండికేసిన మలేరియాను ఇప్పటికే చూస్తున్నాం.

అధికారుల సంగతీ చెప్పాలి. మొదటి రోజునే ఆ అబ్బాయిని దగ్గరి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళితే పరీక్ష కిట్లు అయిపోయాయి, సోమవారం రమ్మన్నారట. వానాకాలంలో, జ్వరాల రోజుల్లో, కిట్లు అయిపోవడమేమిటి? మా కాలనీ మురుగుకాలువలో పూడిక తీసి ఏడాదిన్నర. పొగ కొట్టే బండి వేసవిలో ఒకసారి వచ్చింది, ఆ తర్వాత జాడ లేదు. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులో. ఆ గడ్డ మీద పుట్టినవాళ్ళం ఇన్నేళ్ళ తర్వాత కూడా కాలువ గట్టున దోమలు తోలుకుంటూ కూర్చోవడం నాకు సిగ్గుగా ఉంది.

మూలికా వైద్యం మీద నాకు చిన్నచూపు లేదు. పదహారు వందల ఏళ్ళ నాటి వాక్యాన్ని ఒకరు శ్రద్ధగా చదివినందుకే ఈ మందు పుట్టింది. లక్నోలోని ఔషధ మొక్కల పరిశోధన సంస్థ సీమాప్ ఆర్టిమీసియా ఆన్యువాలో మంచి రకాలు తయారుచేసి రైతులకు ఇచ్చింది. రాయదలచుకుంటే అవి రాయండి. మీ పత్రిక పాడేరు, భద్రాచలం మన్యాలకూ వెళుతుంది. అక్కడ జ్వరమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు.

సవరణ వేయండి. లోపలి పేజీ మూలన నాలుగు పంక్తులు కాదు, అదే ఆరోగ్యం పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో. మా వీధిలో మరో రెండిళ్ళలో ఆ కాగితం ఇంకా గోడకు అంటించే ఉంది. మీ సవరణ వచ్చిన రోజున దాన్ని పట్టుకెళ్ళి, పాతది నేనే చింపి, దాని చోట అంటిస్తాను.

– ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు