మన సంఘం వార్షిక నివేదిక: ఒక ప్రదర్శన, రెండు మ్యూజియంలు, కొన్ని ఖాళీ కుర్చీలు

మాంచెస్టర్‌లోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శి నివేదిక మీ చేతికి అందాలని నియమావళి చెబుతోంది కాబట్టి ఇది రాస్తున్నాను. ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గుల పోటీ, ఆదివారం తెలుగు బడి ఎప్పటిలాగే జరిగాయి. అవి మీరంతా వచ్చి, తిని, ఫొటోలు దిగిన కార్యక్రమాలే. వాటి గురించి మళ్లీ పేజీలు నింపను. ఈ ఏడాది కొత్తగా జరిగింది వారసత్వ ఉపసంఘం పని. నివేదికలో ఎక్కువ భాగం దానికే పోతుంది, అందుకు ఏమీ అనుకోవద్దు.

మాంచెస్టర్ చుట్టుపక్కల స్థిరపడిన మొదటి తరం తెలుగువాళ్ల వస్తువులతో మన హాల్లో పెట్టిన ఒకరోజు ప్రదర్శన ఈ సంఘం చరిత్రలోనే మంచి రోజు అని ఏ మొహమాటమూ లేకుండా చెబుతాను. అరవైలు, డెబ్బైలలో ఇక్కడి ఆసుపత్రులకు డాక్టర్లుగా వచ్చినవారి రెక్సిన్ సూట్‌కేసులు, నీలిరంగు ఏరోగ్రాములు, గుంటూరు నుంచి పార్శిల్‌లో వచ్చిన ఇడ్లీ రేకులు, చేత్తో రాసి సైక్లోస్టైల్ తీసిన తొలి ఉగాది ఆహ్వానం, హార్మోనియం, ఇత్తడి కాఫీ ఫిల్టరు, అన్నీ బల్లల మీదకు వచ్చాయి. ఒక పెద్దావిడ తన పెళ్లినాటి చీర తెచ్చి, అది ఏ నేత, ఏ అంచు అని అడిగిన ప్రతివారికీ ఓపిగ్గా చెబుతూ సాయంత్రం దాకా నిలబడే ఉన్నారు. ఇక్కడే పుట్టిన పిల్లలు ఏరోగ్రామును అటూ ఇటూ తిప్పి, ఇందులో కవరు ఏది, ఉత్తరం ఏది అని అడుగుతుంటే ఆ బల్ల దగ్గరే గుంపు కట్టింది. హాలు నిండింది. పులిహోర అయిపోతే మళ్లీ కలపాల్సి వచ్చింది.

చిక్కు మర్నాడు మొదలైంది. తెచ్చినవారిలో చాలామంది వస్తువుల్ని తిరిగి తీసుకెళ్లలేదు. "మీ దగ్గరే ఉంచండి, ఎలాగూ మ్యూజియం పెడతారుగా" అన్నారు. మ్యూజియం పెడతామని ఎవరు చెప్పారో నాకు తెలియదు. వాట్సాప్‌లో ఎవరో అన్నారు, పదిమంది చప్పట్ల బొమ్మలు పెట్టారు, అంతే, అది తీర్మానం అయిపోయింది. సరే, నిజంగానే పెట్టాలంటే ఏం కావాలో చూద్దామని ఉపసంఘం బయల్దేరింది. మనకంటే ముందు ఈ ఊళ్లో ఆ పని చేసిన యూదు సమాజం దగ్గరికి వెళ్లాం.

చీటమ్ హిల్ రోడ్డు మీదుగా మీలో చాలామంది వెళ్తూనే ఉంటారు. అక్కడున్న మాంచెస్టర్ జ్యూయిష్ మ్యూజియం ఒకప్పటి స్పానిష్, పోర్చుగీసు యూదుల ప్రార్థనా మందిరం. ఎడ్వర్డ్ సాలమన్స్ రూపకల్పన చేశారు, 1874లో పూర్తయింది. గుర్రపు నాడా ఆకారపు కమానులతో మూరిష్ శైలిలో, అంటే మధ్యయుగపు స్పెయిన్ ముస్లింల కట్టడాల తీరులో ఉంటుంది. దాన్ని కట్టించుకున్న సమాజంలో పత్తి బట్టల వర్తకులు ఎక్కువ. మధ్యధరా తీరపు ఊళ్ల నుంచి వచ్చి, మాంచెస్టర్ మిల్లు గుడ్డను ఆ దేశాలకే ఎగుమతి చేసేవారు. మన కోస్తా నేతగాళ్ల మగ్గాల పొట్టకొట్టిన మిల్లు గుడ్డ కూడా ఈ చుట్టుపక్కలదే కదా అని మాలో ఒకరు అంటే కాసేపు అందరం ఆ అద్దాల పెట్టెల ముందు మాట్లాడకుండా నిలబడ్డాం.

యూదు కుటుంబాలు చీటమ్ నుంచి ఉత్తరపు శివార్లకు తరలిపోయాక మందిరం ఖాళీ అయింది. చరిత్రకారుడు బిల్ విలియమ్స్ వంటివారు పట్టుబట్టి దాన్ని నిలబెట్టడంతో 1984లో మ్యూజియంగా తెరిచారు. ఆ తర్వాత దాదాపు అరవై లక్షల పౌండ్లతో విస్తరించి 2021 జులైలో మళ్లీ తెరిచారు. ఆ డబ్బులో సగం దాకా జాతీయ లాటరీ వారసత్వ నిధి నుంచి వచ్చింది. తుప్పు రంగు ఉక్కు రేకులతో కట్టిన కొత్త భాగంలో గ్యాలరీ, శాకాహార కేఫ్, పిల్లలకు వంట నేర్పే గది ఉన్నాయి. సేకరణలో 31,000కు పైగా వస్తువులున్నాయి. మన ఇడ్లీ రేకులు మూడు అట్టపెట్టెల్లో ఉన్నాయి. పోలిక కోసం కాదు, ఎంత దూరం నడవాలో తెలియాలని చెబుతున్నాను.

అయితే ఉపసంఘం కళ్లు తెరిపించింది ఆ భవనం కాదు, లండన్ జ్యూయిష్ మ్యూజియం కథ. 1932లో బ్లూమ్స్‌బరీలోని వోబర్న్ హౌస్‌లో మొదలైన సంస్థ అది. తర్వాత లండన్‌లోనే కామ్డెన్ అనే పేటకు మారింది. తూర్పు లండన్ యూదుల జీవితం మీద పనిచేసే మరో మ్యూజియంతో 1995లో కలిసింది. కోటి పౌండ్లతో భవనాన్ని పెంచి 2010లో తిరిగి తెరిచింది. లాటరీ నిధి అక్కడా పెద్ద వాటా ఇచ్చింది. మధ్యయుగపు యూదులు మతాచారం ప్రకారం శుద్ధి కోసం మునిగే స్నానపు కుండం, లండన్ మిల్క్ స్ట్రీట్ తవ్వకాల్లో 2001లో బయటపడినది, ఆ మ్యూజియంలోనే పెట్టారు. అంత పేరు, అంత సేకరణ ఉన్న సంస్థ 2023 జులైలో కామ్డెన్ తలుపులు మూసేసింది. ఖర్చులు భరించలేక భవనం అమ్మి, వస్తువుల్ని భద్రపరిచి, మరోచోటు దొరికేదాకా సొంత భవనం లేకుండా, గోడలు లేని మ్యూజియంగా పనిచేయాలని నిర్ణయించుకుంది.

కట్టడానికి డబ్బు దొరికింది, నడపడానికి దొరకలేదు. ఏనుగును దానమిచ్చేవాళ్లు దొరుకుతారు గాని రోజూ మేత వేసేవాళ్లు దొరకరు. గ్రాంటు ఇచ్చేవారు గోడకు, గాజుకు, లిఫ్టుకు ఇస్తారు, రిబ్బన్ కత్తిరించడానికి వస్తారు. ఆ తర్వాత కరెంటు బిల్లు, బీమా, తేమ కొలిచే పరికరం, సోమవారం ఉదయం తలుపు తీసే మనిషి జీతం ఎవరిదీ కాదు. లండన్ వాళ్లని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వాళ్లు అన్ని పద్ధతులూ పాటించి, జీతాలిచ్చి నిపుణుల్ని పెట్టుకుని కూడా ఇంత ఇబ్బంది పడితే, శనివారం సాయంత్రాలు పనిచేసే మన సంగతేమిటని.

ఈ దేశంలో ఒక మంచి సౌకర్యం ఉంది. ఒక స్థాయికి మించి రాబడి ఉన్న రిజిస్టరైన ఛారిటీల, అంటే సేవా సంస్థల, లెక్కలు వాటిని పర్యవేక్షించే ఛారిటీ కమిషన్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మ్యూజియంలు నడిపే ఛారిటీల నివేదికలు కొన్ని దించుకుని ఒక సాయంత్రం అందరం కూర్చుని చదివాం. చార్టర్డ్ అకౌంటెంటుగా పనిచేస్తున్న మన సభ్యురాలు పేజీ పేజీకీ వివరించారు. మామూలుగా సినిమా చర్చకు నలభై మంది వచ్చే హాల్లో లెక్కల చదువుకు ఎంతమంది వచ్చారో చెప్పను, వచ్చినవారికి తెలుసు. వాళ్లు నేర్చుకున్నది మాత్రం చెప్పాలి. ఛారిటీ దగ్గర లక్షలున్నా అందులో ఎక్కువ భాగం ముట్టుకోకూడనిది కావచ్చు. ఫలానా పనికే వాడాలని షరతుతో ఇచ్చిన డబ్బు ఆ పనికే పోవాలి, ఎంత ఇరుకులో ఉన్నా జీతాలకు మళ్లించకూడదు. ఇష్టమొచ్చినట్టు వాడుకునే స్వేచ్ఛ ఉన్న మిగులునే నిల్వ నిధిగా లెక్కిస్తారు. అది ఎన్ని నెలల ఖర్చుకు సరిపోతుందన్న ప్రశ్నే సంస్థ ఆయుర్దాయం.

అలాగే సేకరణ. మ్యూజియంలో విలువైన వెండి సామాను ఉంటే ఒకటి అమ్మి పైకప్పు బాగుచేసుకోవచ్చుగా అని ఒక పెద్దాయన అడిగారు. కుదరదు. ఖర్చుల కోసం వస్తువులు అమ్మడం ఈ దేశపు మ్యూజియం నీతి నియమాలకు విరుద్ధం. అలా చేస్తే కళలకు, మ్యూజియంలకు ప్రభుత్వ నిధులు పంచే ఆర్ట్స్ కౌన్సిల్ ఇచ్చే గుర్తింపు పోయే ప్రమాదం ఉంది, గుర్తింపు పోతే గ్రాంట్ల దారి మూసుకుపోతుంది. అందుకే వస్తువు తీసుకునేటప్పుడే కాగితం ఉండాలి: ఇది దానమా, తాత్కాలికంగా ఇచ్చిందా, ఇచ్చినవారికి దాన్ని ఇచ్చే హక్కు ఉందా, అన్నదమ్ముల్లో ఇంకెవరైనా రేపు అడుగుతారా. మన గదిలో ఉన్న పెట్టెల్లో వేటికీ అలాంటి కాగితం లేదు. కాబట్టి తీర్మానం అయ్యేదాకా కొత్త వస్తువులు తీసుకోం. దయచేసి ఉగాది రోజు కారు డిక్కీలో తెచ్చి హాలు గుమ్మం ముందు దించి వెళ్లిపోవద్దు.

యూదులకూ మనకూ ఏం సంబంధమని అడిగినవారికి ఒక్క మాట. గుంటూరు జిల్లా చేబ్రోలు మండలం కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని తమను తాము పిలుచుకునే తెలుగు యూదు కుటుంబాలున్నాయి. తొంభైల మొదట్లో అక్కడ వాళ్ల ప్రార్థనా మందిరం వెలసింది. శబ్బాతు (యూదుల శనివారపు విశ్రాంతి దినం) పాటించి ఇంట్లో తెలుగు మాట్లాడుకునే మనుషులు మన జిల్లాల్లోనే ఉన్నారు. ఆ ఊరివాళ్లు ఎవరైనా సభ్యుల్లో ఉంటే ఉపసంఘాన్ని కలవండి.

ఇక మన లెక్కలు. కోశాధికారి తయారుచేసిన పట్టిక వేరే కాగితంలో ఉంది. మామూలు రాబడి, మామూలు ఖర్చు, బ్యాంకు నిల్వ కిందటేటి కంటే కాస్త తక్కువ. హాలు అద్దె పెరగడమే కారణం. స్వతంత్ర పరిశీలకుడు చూసి సంతకం పెట్టారు. ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పన్ను కట్టే సభ్యుడు విరాళమిస్తే గిఫ్ట్ ఎయిడ్ కింద ప్రతి పౌండుకూ 25 పెన్నీలు ప్రభుత్వం అదనంగా ఇస్తుంది. దానికి మీరు చేయాల్సింది ఒక ఫారం మీద సంతకం. ఎన్నిసార్లు పంపినా సగం మంది పూర్తి చేయలేదు. ఉగాది భోజనం టికెట్టుకు ఇది వర్తించదు, అది మీరు తిన్న అన్నానికి ఇచ్చిన డబ్బు, విరాళం కాదు. దయచేసి దాని మీద వాదించకండి.

అసలు తీర్మానానికి వస్తాను. మన సంఘం ఇప్పుడు నమోదైన ఛారిటీయే గాని, చట్టం దృష్టిలో విడిగా వ్యక్తిత్వం లేని సంఘం. హాలు ఒప్పందం ట్రస్టీల సొంత పేర్ల మీద ఉంది. రేపు ఎవరైనా మెట్ల మీద జారిపడి కేసు వేస్తే, బీమా చాలకపోతే, మొదట తట్టేది వాళ్ల ఇంటి తలుపే. అందుకే ఛారిటబుల్ ఇన్‌కార్పొరేటెడ్ ఆర్గనైజేషన్‌గా, పొట్టిగా సీఐఓగా, మారాలని కార్యవర్గం కోరుతోంది. ఇంగ్లండులో 2013 నుంచి ఈ పద్ధతి ఉంది. అప్పుడు ఒప్పందాలు సంస్థ పేరు మీదే ఉంటాయి. కొత్త నంబరు, కొత్త బ్యాంకు ఖాతా, గిఫ్ట్ ఎయిడ్‌కు మళ్లీ నమోదు, చాకిరీ చాలానే ఉంది.

ఇందులో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో ట్రస్టీలే సభ్యులు, వాళ్లే ఓటర్లు. రెండోదాంట్లో సభ్యులందరికీ ఓటు. "మన ఓటు లాక్కోవడానికే ఇదంతా" అని బయట ప్రచారం చేస్తున్నవారికి చెబుతున్నాను: కార్యవర్గం ప్రతిపాదించింది రెండోదే. కొత్త నియమావళి ముసాయిదా అందరికీ పంపాం. చదివి వచ్చి తిట్టండి, చదవకుండా తిట్టకండి.

ట్రస్టీ పదవి గౌరవానికి ఇచ్చే శాలువా కాదు, జీతం లేని బాధ్యత. ఇప్పుడు రెండు ట్రస్టీ స్థానాలు ఖాళీగా ఉన్నాయి. సంఘం ఏం చేయాలో సలహా చెప్పేవాళ్లకు కొరత లేదు. ప్రదర్శన నాడు స్టేజీ ఎక్కి మాట్లాడటానికి పోటీ పడ్డవారిలో రాత్రి కుర్చీలు సర్దడానికి మిగిలింది ముగ్గురే, వారిలో ఇద్దరు జీసీఎస్ఈ (ఇక్కడి పదో తరగతిలాంటివి) పరీక్షలున్న పిల్లలు. వస్తువులు దాచడానికి పొడి గది ఒకటి ఇప్పించమని స్థానిక అధికారులకు పెట్టుకున్న అర్జీకి అందినట్టు ఒక ఆటోమేటిక్ జవాబు వచ్చింది. ఆ తర్వాత మారిన అధికారికి మళ్లీ మొదటినుంచి చెప్పుకున్నాం. ఆయనా మారారు.

కృతజ్ఞతలు. వంటింట్లో పొద్దున్నుంచి నిలబడ్డ అక్కలకు, పిన్నిలకు, లేబుళ్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిన బడి పిల్లలకు, వ్యాను నడిపిన తమ్ముడికి, ఫొటోలు తీసి ఇంకా ఇవ్వని ఫొటోగ్రాఫర్‌కు, బల్లలు అరువిచ్చిన గుడివారికి, లెక్కల సాయంత్రం నడిపిన సభ్యురాలికి, తమ ఇళ్లలోంచి వస్తువులు తీసిచ్చిన పెద్దలందరికీ. పేర్లు రాస్తే ఒకరిని మరిచిపోవడం, వాళ్లు ఏడాదిపాటు మాట్లాడకపోవడం ఇదివరకు జరిగింది కాబట్టి పూర్తి జాబితాను హాలు బోర్డుకు అంటిస్తున్నాం. మీ పేరు లేకపోతే పెన్ను పక్కనే ఉంటుంది.

ఉపసంఘం సిఫార్సు క్లుప్తంగా ఇది: ఇప్పట్లో భవనం మాట ఎత్తవద్దు. ముందు సీఐఓ, ఆ తర్వాత దానపత్రాలు, జాబితా, పెద్దల గొంతులు రికార్డు చేయడం. వస్తువుల్లో నిజంగా విలువైనవి ఉంటే, వాటిని చూసుకునే శక్తి ఉన్న ఏదైనా ప్రభుత్వ ఆర్కైవ్‌కు అప్పగించే సంగతి ఆలోచించాలి. ఇది కొందరికి నచ్చదు, ముఖ్యంగా భవనానికి తమ తాతగారి పేరు పెట్టాలనుకునేవారికి. వారు నడుపుడు ఖర్చుకు పదేళ్ల హామీ రాసిస్తే సిఫార్సు మార్చుకోవడానికి సిద్ధం.

సభ నాడు ఓటింగు భోజనానికి ముందే. చందా కట్టినవారికే ఓటు. ట్రస్టీ నామినేషన్లకు ప్రతిపాదించేవారు ఒకరు, బలపరిచేవారు ఒకరు కావాలి, అభ్యర్థి ఒప్పుకున్నట్టు సంతకమూ ఉండాలి. కిందటిసారి ఒకరిని అడక్కుండానే నిలబెట్టేశారు. పెట్టెలున్న గది రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో, వారు దయచేసి సభకు తీసుకురండి.

భవదీయుడు,
కార్యదర్శి