మూడు గదులు, ఒక తేలుడు బుడ్డి

చిత్తూరు,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన మిత్రుడికి,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు, చెల్లెమ్మ, పిల్లలు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మొన్న నువ్వు ఫోను చేసి "పేటెంటు సంగతి ఎందాకా వచ్చింది?" అని అడిగినప్పుడు "పరీక్షా నివేదిక వచ్చింది, ఉత్తరం రాస్తాను" అని ఒక్క మాటతో ముగించాను. షెడ్డులో గ్రైండింగు చప్పుడు మధ్య నిలబడి చెప్పగలిగిన విషయం కాదది. పైగా ఇందులో నీ చేతి గీత ఒకటి ఉంది కాబట్టి నీకు మొదటి నుంచీ చెప్పాలి.

యంత్రాన్ని నువ్వు చూసి మూడేళ్లు దాటింది, అందుకని ఒకసారి గుర్తుచేస్తాను. మామిడి గుజ్జును వేడిచేయడానికి ఒకే కొలతతో మూడు స్టీలు గదులు కట్టాను. పులుపున్న పదార్థం కనుక డబ్బాల్లో నిలవ చేసే పాలకూ కూరగాయలకూ కావలసినంత వేడి గుజ్జుకు అక్కరలేదు. అయినా తక్కువ సేపట్లో పని ముగిస్తేనే రంగు, వాసన నిలుస్తాయి. అందుకని 105 డిగ్రీల దాకా తీసుకుపోవాలి, కానీ అది కుతకుత ఉడికి పొంగకూడదు. అందుకే గదిలోకి 4 బార్ల ఒత్తిడితో గాలి పట్టిస్తాం. ఒక గది నిండుతూ ఉంటే, ఒకటి కాగుతూ ఉంటుంది, మూడోది ఖాళీ అవుతూ ఉంటుంది. కాగడం అయిపోయిన గదిలోని ఒత్తిడిగాలిని బయటికి వదిలేస్తే కంప్రెసరు తిన్న కరెంటు అంతా వృథా. కాబట్టి ఆ గదినీ అప్పుడే నిండిన గదినీ ఒక గొట్టంతో కలిపితే, రెండింటిలోనూ గాలికి ఉన్న చోటు సమానమైనప్పుడు, ఒత్తిడి ఇంచుమించు చెరి 2 బార్ల దగ్గర సరితూగుతుంది. కొత్త గదికి సగం పని ఉచితంగా జరిగినట్టు. పాత గదిలో మిగిలిన 2 బార్లే కాగిన గుజ్జును చల్లార్చే గొట్టాలలోకి నెట్టుకుపోతాయి.

చెప్పుకోవడానికి ఇంత సులువుగా ఉన్నది మొదటి జూన్‌లో నన్ను పది రోజులు నిద్రపోనివ్వలేదు. తోతాపురి కాయల ట్రాక్టర్లు దామలచెరువు వైపు నుంచి వరుసగా వస్తున్న రోజులవి. ఒత్తిడి 4 నుంచి 2కు దిగగానే గుజ్జులో కరిగి ఉన్న గాలి బుడగలై పైకి లేచి, నురగ కట్టి, ఆ కలిపే గొట్టంలోకి ఎగబాకేది. అద్దపు కిటికీలోంచి చూస్తే పసుపుపచ్చని నురగ తాపీగా మెట్లెక్కినట్టు ఎక్కేది. రెండు విడతల్లోనే గొట్టం పూడిపోయేది. విప్పి చూస్తే లోపల పీచు చాపలాగా అల్లుకుని, అంచుల్లో మాడి, బెల్లం పాకంలా అంటుకుపోయి ఉండేది. అప్పుడే ఆ గొట్టం మధ్యలో గరాటు ఆకారంలో చిన్న బుడ్డిగది పెట్టి, అందులో ఒక జల్లెడ అమర్చి, పల్చటి స్టీలు రేకుతో చేసిన తేలుడు బుడ్డిని వేలాడదీశాను. నురగ జల్లెడకు తగిలి విరిగి గుజ్జై అడుగున చేరుతుంది. చేరేకొద్దీ బుడ్డి లేచి, కాగిన గది వైపు దారిని తానే బిగిస్తుంది. చేరినది కొత్త గదిలోకి జారిపోగానే దిగి దారి ఇస్తుంది. కరెంటు లేదు, సెన్సరు లేదు. కాగిన గుజ్జు పచ్చి గుజ్జులో కలిస్తే నష్టమేమీ లేదు, అది ఎలాగూ కాగబోయేదే. పచ్చిది కాగినదానిలో ఒక్క గరిటెడు కలిసినా మొత్తం పాడు. ఆ తిరుగుదారి ఈ బుడ్డి వల్ల మూసుకుపోతుంది.

ఇక దరఖాస్తు సంగతి. మన రాష్ట్రం చెన్నై పేటెంటు కార్యాలయం పరిధిలోకి వస్తుంది, కాగితాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి. నేను ఆశ్రయించిన ఏజెంటు "మొదటి క్లెయిమును వీలైనంత విశాలంగా పెడదాం" అన్నాడు. క్లెయిము అంటే, ఇంతవరకు నా సొంతం అని హద్దు చెప్పే వాక్యం. విశాలం అంటే, "ఒకదానితో ఒకటి కలిసి ఉండి, ఒత్తిడికి లోనయ్యే అనేక గదులు గల ద్రవ సంస్కరణ పరికరం" అని. చదవగానే నాకూ గర్వంగానే అనిపించింది. పొలానికి గట్టు వేసేటప్పుడు పక్క పొలాలన్నీ కలుపుకుని గట్టు వేసినట్టుందని అప్పుడు నాకు తట్టలేదు. దాఖలైన 18 నెలలకు దరఖాస్తు ప్రచురితమైంది. పరీక్ష జరగాలంటే మనమే విడిగా అభ్యర్థించాలి, గడువులోగా అడగకపోతే దరఖాస్తును వెనక్కి తీసుకున్నట్టే లెక్కిస్తారు. ఆ గడువు పూర్వం 48 నెలలు ఉండేది, 2024 మార్చిలో వచ్చిన కొత్త నిబంధనలతో, వాటి తర్వాత వేసే దరఖాస్తులకు, 31 నెలలు అయింది. నేను ముందే అభ్యర్థన ఇచ్చాను కాబట్టి ఆ చిక్కు రాలేదు.

పేటెంటు కార్యాలయం ఆక్షేపణలన్నీ రాసి పంపిన ఆ నివేదిక వచ్చిన రాత్రి నేను అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. కొత్తదనం లేదు, ఆవిష్కరణ మెట్టు లేదు (అంటే పని తెలిసినవాడికి సులువుగా తట్టేదే), పేటెంట్ల చట్టంలోని 3వ సెక్షన్ ఎఫ్ క్లాజు అడ్డువస్తుంది, స్పష్టత లేదు, ఒకే దరఖాస్తులో రెండు ఆవిష్కరణలు ఉన్నాయి, ఇంకా ఫారాలలో లోపాలు. మర్నాడు పొద్దున షెడ్డు తెరవకముందే దానిని డ్రాయింగు చదివినట్టు, ఒక్కొక్క కొలత దగ్గర వేలు పెట్టి చదివాను. అప్పుడు అర్థమైంది: పరీక్షాధికారి నా యంత్రాన్ని కాదనలేదు, నా వాక్యాన్ని కాదన్నాడు. అతని ముందున్నది వాక్యమే కదా.

ఒత్తిడిలో ఉడికించడం 1679లోనే డెనిస్ పాపిన్ లండన్‌లో చేసి చూపించాడు. మన వంటింటి కుక్కరు దాని వంశమే. గదులు అనేకం అన్నంత మాత్రాన అది కొత్తదైపోదు. నివేదికలో రెండు పాత పత్రాలు చూపించారు. డి1 అని పిలిచిన మొదటిదానిలో వంతులవారీగా పనిచేసే మూడు గదుల వేడి పాత్రలు ఉన్నాయి. డి2 అని పిలిచిన రెండోదానిలో, గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసే యంత్రాలలో రెండు స్తంభాల ఒత్తిడిని సరితూచే గొట్టం ఉంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకున్న పనివాడికి నా పరికరం సులువుగా తట్టేదే అని పరీక్షాధికారి వాదం. ప్రపంచంలో ఎక్కడ అచ్చయినా సరే, దరఖాస్తు తేదీకి ముందుదైతే అది మనకు అడ్డుగా నిలుస్తుంది. ఆక్సిజన్ యంత్రానికీ మామిడి గుజ్జుకూ ఏం సంబంధమని మొదట నాకు కోపం వచ్చింది. రెండు రోజులు ఆలోచిస్తే, గాలి ఒత్తిడి సంగతిలో సంబంధం ఉన్నదనే ఒప్పుకోవలసి వచ్చింది. అయితే ఆ స్తంభాలలో ఉండేది పొడి గింజలు; నురగ లేదు, పీచు లేదు, కాగినదీ పచ్చిదీ అన్న తేడా లేదు. డి2లోని గొట్టాన్ని యథాతథంగా తెచ్చి డి1కు తగిలిస్తే ఏమవుతుందో నాకంటే ఎవరికి తెలుసు? నేను చేసింది అదే, పది రోజులు పీచు గీకింది ఆ గొట్టంలోనే.

ఎఫ్ క్లాజు గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, నాకు చాలా నచ్చిన భాగం అదే. తెలిసిన పరికరాలను ఊరికే ఒకచోట అమర్చడం గానీ, వరుస మార్చడం గానీ, రెట్టించడం గానీ, ఒక్కొక్కటి తన మానాన తాను తెలిసిన పద్ధతిలోనే పనిచేస్తున్నప్పుడు, ఆవిష్కరణ కాదని ఆ క్లాజు అంటుంది. "తన మానాన తాను" అన్న మాటను పట్టుకో. నా మూడు గదులను విడదీస్తే ప్రతి గదీ గుజ్జును కాచగలదు. అంతవరకు ఆక్షేపణ న్యాయమే. కానీ బుడ్డిగదిని విడదీసి బల్ల మీద పెడితే దానికి పనే లేదు. ఒక గది దిగుతుంటే, ఇంకొక గది ఎక్కుతుంటే, ఆ రెండింటి తేడా నుంచే దానికి కదలిక వస్తుంది. ఒకదాని పని మరొకదాని వల్ల మారుతోంది కాబట్టి ఇది ఊరి సంతలో సామాన్లు పక్కపక్కన పేర్చినట్టు కాదు.

ఏజెంటు నన్ను 1978 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చదవమన్నాడు, బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యాం, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ మధ్య నడిచిన కేసు. పళ్లాలు, గిన్నెలను లేత్ మీద తిప్పి మెరుగుపెట్టేటప్పుడు అవి ఊడి ఎగిరిపోకుండా పట్టి ఉంచే సాధనం మీద తగాదా అది. ముప్పై ఏళ్లు లేత్ ముందు నిలబడ్డవాడిని కదా, ఒక్కొక్క పేరా చదువుతుంటే చేతులకు ఆ అదురు తెలిసింది. టెయిల్ స్టాకు, అంటే లేత్ రెండో చివర ఉండే ఆధారం, వైపు నుంచి ఒత్తి పట్టుకోవడం పనివాళ్లకు ముందే తెలిసిన కిటుకనీ, వర్క్‌షాపులో చేసుకునే మామూలు మెరుగుదల పేటెంటుకు చాలదనీ కోర్టు ఆ పేటెంటును నిలబెట్టలేదు. చదివాక నా యంత్రం మీద నాకు కలిగిన అనుమానం రెండు రోజులు వదలలేదు. నా బుడ్డి కూడా అటువంటి కిటుకే కాదా? ఫ్లష్ ట్యాంకులో తేలే బంతి అందరికీ తెలిసినదే కదా? చివరికి నాకు దొరికిన సమాధానం ఇది: తేలే బంతి తెలిసినదే, కానీ అది ట్యాంకులో మట్టాన్ని కాస్తుంది. ఇక్కడ అది మట్టం కోసం లేదు, పచ్చిది కాగినదానిలోకి వెళ్లకుండా దిశను కాస్తూ, అదే సమయంలో గాలిని మాత్రం పోనిస్తుంది. ఈ సమస్యను డి1 గానీ డి2 గానీ ఎక్కడా పేర్కొననే లేదు.

ఇప్పుడు నీ గీత దగ్గరికి వస్తాను. క్లెయిమును ఇరుకు చేసుకుని, బుడ్డిగదిని మొదటి క్లెయిములోకి తీసుకురావాలని నిర్ణయించుకున్నాం. అయితే 59వ సెక్షన్ ప్రకారం దాఖలు నాటి పత్రంలో లేనిదాన్ని ఇప్పుడు కొత్తగా చేర్చడానికి వీల్లేదు. ఏజెంటు ఆ మాట చెప్పగానే నా గుండె జారిపోయింది, ఎందుకంటే క్లెయిములు పదింటిలో ఒక్కచోటా బుడ్డి పేరు లేదు. పత్రం ముందేసుకుని వెతికితే మూడో పటంలో, గొట్టం వంపు దగ్గర, 27 అంకె వేసి బాణం గీసి ఉంది. నీకు గుర్తుందా? ఆ రాత్రి మా ఇంట్లో బల్ల మీద పటాలు గీస్తూ, "ఇది చిన్న సామాను, వదిలెయ్" అని నేనంటే, "యంత్రంలో ఉన్నది పటంలో ఉండాలి, పటంలో ఉన్నదానికి అంకె ఉండాలి, అంకె ఉన్నదానికి వాక్యం ఉండాలి" అని నువ్వు పట్టుబట్టి, దాని మీద మూడు వాక్యాలు కూడా నా చేత రాయించావు. ఆ మూడు వాక్యాల మీదే ఇప్పుడు మా జవాబంతా నిలబడి ఉంది.

మారిన మొదటి క్లెయిము సారం తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: వంతులవారీగా నిండి, ఒత్తిడిలో కాగి, ఖాళీ అయ్యే కనీసం మూడు గదులు, వాటిలో ఏ రెండింటినైనా కలిపే సరితూకపు దారి, ఆ దారిలో, గరాటు అడుగు గల ఒక సేకరణ గది, దానిలో చేరిన గుజ్జు మట్టంతో లేచి, ఎక్కువ ఒత్తిడి ఉన్న గది వైపు దారిని బిగించి, చేరినదాన్ని తక్కువ ఒత్తిడి ఉన్న గదిలోకే వదిలే తేలుడు కవాటం. రెండు ఆవిష్కరణలు ఉన్నాయన్న ఆక్షేపణ పోవడానికి, గదులు కడిగే పద్ధతి మీద ఉన్న తొమ్మిదో క్లెయిమును ఇందులోంచి తీసేస్తున్నాం. కావాలంటే 16వ సెక్షన్ కింద దాన్ని విడి దరఖాస్తుగా వేసుకోవచ్చు. ఫారాల లోపాలు ఒక పూట పని.

విశాలమైన గట్టు పోయిందని నాకు బాధ లేదు. ఆ పాత వాక్యానికి పేటెంటు వచ్చి ఉంటే, ఎవరో ఒకరు డి1ను పట్టుకొచ్చి ఒక్క దెబ్బతో కొట్టేసేవారు. ఈ ఇరుకు వాక్యంలో ఉన్నదంతా నా చేతులతో చేసినది.

జవాబుకు నివేదిక వచ్చిన నాటి నుంచి ఆరు నెలలు గడువు, అడిగితే ఇంకో మూడు నెలలు ఇస్తారు. అడగకుండానే ముగించాలని నా పట్టుదల. జవాబుతో తృప్తి చెందకపోతే విచారణకు పిలుస్తారు, అది ఎక్కువగా వీడియోలోనే జరుగుతుంది. దీనితో పాటు ముసాయిదా జవాబును పంపిస్తున్నాను. నాలుగో పేజీలో, కొత్త గదిలో గుజ్జు అనుకున్నదానికంటే ఎక్కువ నిండి గాలి చోటు తగ్గితే సరితూకం ఎక్కడ ఆగుతుందో నేను వేసిన లెక్క ఉంది. అక్కడ వేడి గాలికీ చల్లని గాలికీ ఉన్న తేడాను నేను సరిగా పట్టుకున్నానో లేదో నీ పెన్సిలుతో సరిచూసి, తప్పయితే అక్కడే కొట్టేసి, వచ్చే ఆదివారం లోపల పంపించు. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు.