తొట్టింట్లో కొత్త కళ: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

మురుగుకాలువ పూడికతీత, దోమల మందు, సంక్రాంతి ముగ్గుల పోటీ, కంటి పరీక్షల శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలు, జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉన్నాయి. మళ్లీ ఇక్కడ రాసి విసిగించను. ఈసారి నివేదికంతా చంద్రగిరి దారిలో మనం చూసుకుంటున్న పాత తొట్టికట్టు ఇల్లు (నడుమ తొట్టిలాంటి వాకిలి ఆకాశానికి తెరిచి ఉండే ఇల్లు), అందులో మనం పెట్టిన ఇప్పటి కళాకారుల పనుల గురించే. మొన్నటి సమావేశంలో ఎక్కువ గొడవ జరిగిందీ వాటి మీదే కదా.

ఆ ఇంట్లో భోషాణం, ఉయ్యాల బల్ల, ఉట్టి, రోలు, విసుర్రాయి, రాగి అండాలు ఎక్కడివక్కడ ఉంచి చూపిస్తున్నాం. వచ్చినవాళ్లు ఒక చుట్టు తిరిగి, "మా అవ్వోళ్లింట్లో కూడా ఇట్లాంటిది ఉండేది" అనేసి, ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోతున్నారు. ఇల్లు ఉంది గానీ, దాంతో మాట్లాడేవాళ్లే లేరు.

మన కోశాధికారి జైపూర్ వెళ్లినప్పుడు నాహర్‌గఢ్ కోటలోని మాధవేంద్ర భవన్ చూసొచ్చారు. తొమ్మిది మంది రాణుల కోసం ఒకే తీరులో కట్టిన తొమ్మిది భాగాల మహల్ అది. 2017లో అందులో ఇప్పటి శిల్పుల పనులు పెట్టడం మొదలుపెట్టారు. కొచ్చిలో కూడా 2012లో మొదలైన బియనాలే (రెండేళ్లకోసారి జరిపే కళా ప్రదర్శన) కోసం ఆస్పిన్‌వాల్ హౌస్ అనే పాత వర్తకుల భవనాన్ని వాడుకున్నారు. మనమూ పాత కట్టడంలో ఇప్పటి కళ పెడదామని కోశాధికారి పట్టుబట్టారు.

మొదట అందరి కళ్లూ చంద్రగిరి రాజమహల్ మీద పడ్డాయి. అది పురావస్తు శాఖ మ్యూజియం, రక్షిత కట్టడం. అక్కడ గోడకు మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి. కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణమే నిషేధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి ఉంటేనే. మనలాంటి సంఘానికి అయ్యే పని కాదని ఆ ఆలోచన అక్కడితో వదిలేసి, మన తొట్టింటికే వచ్చాం.

ఒక చోటును బట్టి అక్కడే అమర్చి పెట్టే కళను ఇన్‌స్టలేషన్ అంటారు. "అంటే ఏంది?" అని చాలామంది అడిగారు. దానికి జవాబు నేను చెప్పలేదు, ఒక సభ్యురాలు చెప్పారు. తిరుపతి గంగమ్మ జాతర చివరి రోజు గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం చేస్తారు, ఆ మట్టి రూపం చెంప తీసేశాక ఆ మట్టి కోసం జనం ఎగబడతారు, ఇంటికి తీసుకెళ్తారు. కొన్ని గంటల కోసం చేసి, చూసి, చెరిపేసేది మనకు కొత్తా అని ఆమె అడిగారు. భక్తికీ ప్రదర్శనకూ పోలికేంటని ఇంకొకరు కోప్పడ్డారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉందనిపించింది. అందుకే దేవుడి గదిలో ఏమీ పెట్టకూడదని తీర్మానం చేశాం. ఒక కళాకారుడికి అది నచ్చలేదు. అయినా సర్దుకున్నాడు.

మొత్తం మూడు పనులు పెట్టాం. తొట్టిలో, ఆకాశం కింద, శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డలు వేలాడదీశారు. వాటి మీద రాముడూ లేడు, కృష్ణుడూ లేడు. కలంకారీ తయారయ్యే ఒక్కో దశకు ఒక్కో గుడ్డ. ఉత్త గుడ్డ ఒకటి, కరక్కాయ పొడీ గేదెపాలూ పట్టించి ఆరబెట్టింది ఒకటి, చింతపుల్లల బొగ్గుతో గీతలు పడినది ఒకటి, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి తీసిన కసిమితో నల్లబడినది ఒకటి, పటిక పూసి ఎరుపు ఎక్కించినది ఒకటి. "బొమ్మ యాడుంది సామీ?" అని ఒక పెద్దాయన గుడ్డల మధ్య నుంచి రెండుసార్లు నడిచారు. మూడోసారి ఆగి, ఒక గుడ్డ వాసన పీల్చి, "గేదెపాలు" అన్నారు. నా లెక్కలో ఈ ఏడాదికి అదే పెద్ద మెప్పు.

ముందు గదిలో ఇసుక మేటలు వేసిన స్వర్ణముఖి నది మీద తీసిన వీడియో పెట్టాం. కలంకారీ గుడ్డ ఉతకడానికి పారే నీళ్లు కావాలి కాబట్టి ఆలోచన మంచిదే. కానీ ఆ పెద్ద తెర ముందు ఉయ్యాల బల్ల కుర్చీలా, ఇల్లు సినిమా హాల్లా అయిపోయాయి. పైగా పాత వైరింగ్ తట్టుకోలేక ఫ్యూజు ఎగిరింది. రెండో వారంలోనే తీసేశాం.

మూడోది వంటింట్లో. విసుర్రాయి వెనకాల చిన్న స్పీకరు దాచి, విసిరే చప్పుడు వినిపించారు. మొదటి రోజే ఒక అవ్వ విని నవ్వేసింది. "ఇది ఉత్త ఇసుర్రాయి నాయనా, లోపల గింజ లేదు." గింజ పడితే రాయి గరగరమనదట, మెత్తగా పలుకుతుందట. ఆ పని చేసిన అమ్మాయి సిగ్గుపడలేదు. మర్నాడు రాగులు తెచ్చి, అవ్వ చేతనే విసిరించి, మళ్లీ రికార్డు చేసింది. మధ్యలో అవ్వ దగ్గు కూడా పడింది. తీసేయవద్దని మేమే చెప్పాం.

ఒక తప్పు ఒప్పుకోవాలి. పేర్ల చీటీలు అంటించడానికి మన కార్యకర్తలే రెండు వైపులా జిగురుండే టేపు వాడారు. పీకేసరికి సున్నపు గోడ పెచ్చులుగా ఊడొచ్చింది. ఒక రాత్రంతా నాకు టెన్షన్. సిమెంటు పూసేద్దామని కొందరన్నారు గానీ పాత మేస్త్రి ఒప్పుకోలేదు. సున్నం చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని లోపలే ఆపి పక్కనున్న గోడను కూడా తినేస్తుందన్నారు. సున్నం, ఇసుక, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి పూశారు. తొట్టిలో గుడ్డకు పట్టించిందీ కరక్కాయే, గోడకు పూసిందీ కరక్కాయే. ఇది ఎవరూ అనుకుని చేసింది కాదు. అయినా చూడవచ్చిన పిల్లలకు గుడ్డల కన్నా ముందు ఆ అతుకునే చూపించడం మొదలుపెట్టాం.

వచ్చే ఏడాది ఒకే ఒక్క పని పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదన. పెట్టేవాళ్లు ముందుగా వారం రోజులు ఆ ఇంట్లో ఊరికే కూర్చోవాలి. చీటీలు స్టాండుకే తగిలించాలి, గోడకు కాదు. సభ్యులు తమ అభిప్రాయం రాతపూర్వకంగా ఇస్తే సమావేశంలో చర్చిద్దాం.

గుడ్డలు చేసినవాళ్లకే తిరిగి ఇచ్చేశాం. స్పీకరు మాత్రం ఇంకా వంటింట్లోనే ఉంది. అవ్వ వారానికోసారి మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చి తన దగ్గు తనే విని పోతోంది. తాళం చెవి పక్కింట్లో దొరుకుతుంది.

ఇట్లు,
కార్యదర్శి