ఆ కర్నూలు పిల్ల గురించి

అమ్మీ,

నిన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి సరిగ్గా చెప్పలేకపోయినాను, మీ నాయన పక్కనే టీవీ పెద్ద సౌండు పెట్టుకున్నాడు. అందుకే రాస్తున్నా. మీ బెంగళూరు ఫ్లాట్‌లోకి ఆ కర్నూలు ముస్లిం పిల్ల వస్తానంటే మిగతా ఇద్దరూ "వాళ్ళతో మనకెందుకు టెన్షన్" అంటున్నారన్నావు. మీ ముగ్గురిలో ఆ పిల్లతో ఒక్కరైనా మాట్లాడినారా?

మన వీధిలో చీటీ డబ్బులు ఎగ్గొట్టి రాత్రికి రాత్రే పోయినాడే ఒకాయన, ఆయన మనవాడే. వీధి వీధంతా ఆయన్ను తిట్టింది, ఆయన పెళ్ళాం నగలు కూడా లెక్కపెట్టింది గానీ, హిందువులంతా ఇంతేలే అని ఒక్కరి నోటా రాలేదు. అదే పని ఒక సాయిబు చేసి ఉంటే ఏమనేవాళ్ళో నీకూ తెలుసు. ఇంకోటి, "ఆయన సాయిబైనా మంచోడు" అని మీ జేజి మెచ్చుకుంటుంది చూడు, అదీ నాకు నచ్చదు, మిగతా అందరినీ చెడ్డోళ్ళ లెక్కలో వేసేసి ఒకాయన్ను మాత్రం బయటికి తీసినట్టుంటుంది. జేజితో అనకు, ఈ వయసులో ఆమెతో వాదన నావల్ల కాదు.

మన కడపోళ్ళం కలిసిమెలిసి ఉంటామని గొప్పలు చెప్పుకుంటాం. ఉగాదికి ముస్లింలు దేవుని కడప గుడికొచ్చి, బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ, వెంకటేశ్వరస్వామి మా అల్లుడు అని టెంకాయ కొడతారు. పెద్ద దర్గా ఉరుసుకు మనం పోతాం. అనంతపురం దిక్కు గూగూడు పీర్లకు మొక్కుకుని పిల్లలకు కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ అని పేర్లు పెట్టుకునే హిందువులు ఎంతమందో. ఇవన్నీ నిజమే, నాకూ గర్వమే. అయితే ఉగాది ఫోటోలు వాట్సాప్‌లో పెట్టే మనుషులే, ఇల్లు అద్దెకు అడిగినాయన పేరు వినగానే "నిన్ననే ఇచ్చేసినామే" అంటారు.

బళ్ళో రాజ్యాంగంలోని ఆర్టికల్ 15 చెప్తుంటా కదా, మతం పేరుతో అంగళ్ళకు, హోటళ్ళకు, బావులకు, రోడ్లకు ఎవరినీ రానీకుండా చేయకూడదని ఉంది. అద్దె ఇంటి మాట అందులో లేదు. అహ్మదాబాద్ పార్సీల హౌసింగ్ సొసైటీ ఇళ్ళు మావాళ్ళకే అని నియమం పెట్టుకుంటే 2005లో సుప్రీంకోర్టు తప్పు పట్టలేదు. అంటే మీ ఫ్లాట్‌కి ఏ చట్టమూ రాదు, మీరే తేల్చుకోవాలి.

నీసు వాసన పడదని మీ ఫ్లాట్‌లో ఆ పెద్దమ్మాయి అంటే, ఆమె ఇబ్బంది ఆమెది, దాన్ని ఎగతాళి చేయొద్దు, గిన్నెలు వేరే పెట్టుకోండి. కానీ ఆదివారమొస్తే నువ్వూ చికెన్ వండుతావు కదా, నిన్నెందుకు వద్దనలేదో మాత్రం అడుగు. ఇంకో మాట, ఆ పిల్ల వచ్చినాక టీవీలో ఎక్కడో ఏదో జరిగిందని చూసి "మీవాళ్ళు ఇట్లా చేసినారేంది" అని ఆమె మొహం చూడొద్దు. చీటీ ఎగ్గొట్టినాయన గురించి నిన్నెవరైనా నిలదీసినారా?

కరెంటు బిల్లు టైముకిస్తుందా, బాత్రూం కడుగుతుందా, అర్ధరాత్రి దాకా ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతుందా, ఇవి అడగండి. వీటికి సరైన జవాబు రాకపోతే వద్దనేయండి, అప్పుడు నేనేమీ అనను.

మీ అమ్మ