తాళం చూసి ఓటు తీసేయకండి

తెలంగాణ రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి గారికి,

నమస్కారం. ఓటరు జాబితా సవరణ, పాలమూరు వలస రెండూ తరచూ ఒకే కాలంలో పడుతున్నాయి. 2024లో ముసాయిదా అక్టోబర్ 29న వచ్చింది. అభ్యంతరాలకు నవంబర్ 28 దాకా గడువిచ్చి, 2025 జనవరి 6న తుది జాబితా ప్రకటించారు. కోస్గి, మద్దూరు, దామరగిద్ద వైపు తండాల్లో దసరా, దీపావళి దాటగానే పనిచేసే వయసు వాళ్లు ముంబై, పుణె బస్సెక్కుతారు. ముసలివాళ్లూ బడిపిల్లలే మిగులుతారు. ముసాయిదా చూసుకోవాల్సిన మనుషులు ఆ నెలంతా ఊళ్లో ఉండరు.

పోలింగ్ బూత్ స్థాయి అధికారి (బీఎల్ఓ) వచ్చేసరికి ఇంటికి తాళం. పక్కింటివాళ్లు ‘బొంబాయి పోయిన్రు’ అంటారు. అది కాగితం మీద ‘షిఫ్టెడ్’ (నివాసం మారారు) అవుతుంది. తప్పు జరిగేది అక్కడే. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 20(1ఎ) స్పష్టంగా చెబుతోంది. నివాసం మారిందంటూ పేరు తీసేముందు ఆ ఓటరుకు చెప్పుకునే అవకాశం ఇవ్వాలని సెక్షన్ 22 అంటోంది. తాళం వేసిన తలుపుకు నోటీసు అంటించి వస్తే ఆ అవకాశం ఇచ్చినట్టు కాదు. కూలీలను తీసుకెళ్లే గుంపు మేస్త్రి ఫోన్ నంబరు తండాలో ఎవరినడిగినా ఇస్తారు. ఒక్క ఫోన్‌తో తేలే విషయమిది.

పేరు పోయిన సంగతి ఆ మనిషికి పోలింగ్ రోజు దాకా తెలియదు. చేతిలో కార్డుంటే ఓటున్నట్టే అనుకుంటారు, జాబితాలో పేరుండాలని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. ఓటరు నమోదు అధికారి (ఈఆర్ఓ) నిర్ణయంపై 15 రోజుల్లో కలెక్టర్‌కు అప్పీలు చేసుకోవచ్చు గానీ, భివండీలో ఇటుకలు మోసే మనిషికి ఆ గడువు ఎలా తెలుస్తుంది? పంచాయతీ ఓటరు జాబితాకూ అసెంబ్లీ జాబితాయే ఆధారం. అంటే సర్పంచ్‌ను ఎన్నుకునే ఓటూ దానితోనే పోతుంది.

నిజంగానే హైదరాబాద్‌లో స్థిరపడ్డవాళ్ల చిక్కు వేరు. వాళ్లు నింపాల్సింది చిరునామా మార్పుకు వాడే ఫారం 8. నెట్ సెంటర్లో ‘కొత్త ఓటు’ అంటూ ఫారం 6 నింపి పంపుతున్నారు. దాంతో రెండు చోట్ల పేరు పడుతోంది. మరెక్కడా ఓటు లేదని ఫారం 6లో తెలిసి తెలిసీ తప్పుడు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు. సంతకం చేసే కూలీకి ఆ వాక్యం ఎవరూ చదివి వినిపించరు.

మేము కోరేది కొత్త చట్టమేమీ కాదు. 2022 ఆగస్టు నుంచి జనవరి 1 ఒక్కటే కాక ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 కూడా అర్హత తేదీలయ్యాయి, అంటే ఆ తేదీకి పద్దెనిమిదేళ్లు నిండితే ఓటు నమోదు చేసుకోవచ్చు. కాబట్టి నమోదు ఒక్క చలికాలంలోనే జరగనక్కర్లేదు. వలస జనం ఉగాదికి వచ్చి మృగశిర దాకా ఊళ్లోనే ఉంటారు. క్యాంపులు అప్పుడు పెట్టించండి. అదీ సాయంత్రం ఆరు తర్వాత, తండాలోనే. పగలు పెడితే చేలకు పోయినవాళ్లు రారు. పదిహేడు నిండిన పిల్లల ఫారం 6 కూడా అక్కడే ముందస్తుగా తీసుకోవచ్చు. పాస్‌పోర్టు సైజు ఫొటో, వయసుకూ చిరునామాకూ ఆధారాలు, ఇంట్లో ఒకరి ఓటరు కార్డు నంబరు తెమ్మని ముందురోజే చాటింపు వేయిస్తే చాలు. ఇంటి నంబరు లేని చోట తల్లిదండ్రుల వివరాలు చూసి నింపకపోతే ఒకే ఇంటి ఓట్లు రెండు పోలింగ్ కేంద్రాలకు చీలిపోతాయి. ఫారం చివరి రసీదు చింపి చేతికివ్వడం బీఎల్ఓలు మరువకూడదు, అది లేకుంటే దరఖాస్తు ఎక్కడ ఆగిందో అడిగే దారి ఉండదు.

మరొకటి. ఓటరు జాబితాలో పేరున్నా ఇంట్లో లేరు, నివాసం మారారు, చనిపోయారు అని గుర్తించినవాళ్లకు వేరే ఏఎస్‌డీ జాబితా ఉంటుంది. పోలింగ్ కేంద్రంలో అందులో పేరు కనబడగానే ‘నీకు ఓటు లేదు’ అని తిప్పి పంపేస్తారు. అది పొరపాటు. గుర్తింపు పక్కాగా సరిచూసి, వేలిముద్ర తీసుకుని ఓటు వేయనివ్వాలి. ఒక రాత్రంతా బస్సులో వచ్చిన మనిషిని గడప దగ్గర నుంచి పంపేస్తే మళ్లీ ఎన్నికలకు రమ్మని ఏ ముఖంతో అడుగుతాం?

వచ్చే సవరణ షెడ్యూలు వెలువడకముందే మహబూబ్‌నగర్, నారాయణపేట, వికారాబాద్, నాగర్‌కర్నూల్ జిల్లాల ఎన్నికల అధికారులకు ఈ మేరకు రాతపూర్వకంగా ఆదేశాలు ఇవ్వాలని కోరుతున్నాం. తాళం ఉన్న ఇళ్ల జాబితాను తొలగింపుకు ముందు గ్రామసభలో చదివించాలని కూడా అందులో చేర్చండి.

ఇట్లు,
పాలమూరు పల్లెల్లో ఓటరు నమోదు పని చూస్తున్నవాళ్లం