పార్కులో ఏముందో రాసిపెట్టాకే సుందరీకరణ

సంపాదకుడికి,

అయ్యా,

నేను రోజూ ఉదయం నడిచే పార్కులో కిందటి వేసవిలో ఒక ఎండుమానును కొట్టేశారు. చచ్చిన చెట్టు పార్కుకు అందం కాదన్నారు. దాని తొర్రల్లో వడ్రంగిపిట్టలు, పైడికంటెలు గూడు కట్టుకుని ఉండేవి. అదే నెలలో అక్కడి పాత రాతిగోడ నెర్రెలను సిమెంటుతో పూడ్చారు. ఆ నెర్రెలు గబ్బిలాల నివాసం. చెడగొట్టాలని ఎవరూ ఈ పనులు చేయలేదు. అక్కడ ఏముందో ఎవరూ రాసి ఉంచలేదు కనుక, ఏం పోయిందో చేసినవారికే తెలియలేదు.

నా విన్నపం ఒక్కటే. ప్రజల పార్కుల్లో ఏ పని చేపట్టినా, ముందుగా అక్కడి చెట్లు, పక్షులు, నీటి గుంటలు, పాత కట్టడాలు, రాళ్లమీది రాతలు అన్నీ ఒక రిజిస్టరులోకి ఎక్కాలి. ప్రకృతికి ఒకటి, కట్టడాలకు ఒకటి అని విడదీయకూడదు. గోడలో మొలిచిన రావిమొక్కనే తీసుకోండి. వదిలేస్తే వేళ్లు గోడను చీల్చేస్తాయి, ముదిరాక పెరికితే రాళ్లు ఊడివస్తాయి. లేతగా ఉన్నప్పుడే గమనించి తీయాలి. ఆ బాధ్యత చెట్లు చూసేవారిదా, గోడలు చూసేవారిదా? ఈ ప్రశ్న తేలేలోపు గోడే కూలిపోతుంది.

సిమెంటు సంగతి కూడా చెప్పాలి. సున్నంతో కట్టిన పాత గోడ తేమను పీల్చుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. దానిమీద గట్టి సిమెంటు పూస్తే తేమకు దారి మూసుకుపోతుంది. లోపల చిక్కిన నీరు లవణాలను మోసుకొచ్చి, పక్కనున్న రాయి ముఖాన్ని పొరలు పొరలుగా రాల్చేస్తుంది. మరమ్మతు అనుకున్నదే గాయమవుతుంది. కట్టడాల పరిరక్షణలో ప్రతి దశనూ చిత్రాలతో, ఫొటోలతో నమోదు చేసి, ఆ వివరాలను ప్రజాసంస్థల్లో భద్రపరచాలని 1964లో అంతర్జాతీయ నిపుణులు ఆమోదించిన వెనిస్ ఒడంబడిక చెప్పింది. ప్రకృతి, మనిషి కలిసి తీర్చిన ప్రదేశాలను ‘సాంస్కృతిక భూదృశ్యాలు’ అనే పేరుతో యునెస్కో ప్రపంచ వారసత్వ కమిటీ 1992లో గుర్తించింది. అంటే నేను కోరుతున్నది కొత్త విషయమేమీ కాదు.

ఒకసారి రాసి బీరువాలో పెట్టే రిజిస్టరు వల్ల ప్రయోజనం లేదు. ఏటా అదే నెలలో, అదే చోట నిలబడి, అదే కోణంలో ఫొటో తీయాలి. చెట్టు చుట్టుకొలతను నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున కొలవాలి. గోడ పగులుకు అడ్డంగా పలుచని గాజుముక్క అతికించి తేదీ వేస్తే చాలు, పగులు కదిలిన రోజున గాజు విరుగుతుంది. పక్షుల లెక్క ఒకే వేళలో, ఒకే వ్యవధిలో జరగాలి. ఖరీదైన పరికరాలు అక్కరలేదు. క్రమం తప్పని మనిషి కావాలి. అలాంటివారు ప్రతి పార్కులోనూ ఉదయాన్నే నడుస్తూ కనిపిస్తారు, అడిగితే సంతోషంగా వస్తారు.

అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి అందం కోసమని తెచ్చిన లాంటానా, గుర్రపుడెక్క ఎన్నో దేశాల్లో నేలనూ చెరువులనూ కమ్మేశాయి. మొదట్లో పది మొక్కలుగా కనిపించినప్పుడే ఎవరైనా నమోదు చేసి ఉంటే, చేత్తో పెరికేసే పని అది.

ఆ రిజిస్టరు అధికారుల బల్లమీదే ఉండిపోకుండా, పార్కు ద్వారం దగ్గర ఎవరైనా తెరిచి చూసుకునేలా ఉండాలి. మా పార్కులో ఇంకొక ఎండుమాను మిగిలి ఉంది. తదుపరి సుందరీకరణ మొదలయ్యేలోపు దాని పేరు, దాని తొర్రల లెక్క ఆ రిజిస్టరులో చేర్చాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు